కింది రంపం దినాలు

ఆ వేసవి గాలివానతో మొదలుపెట్టి, పోయినవన్నీ కలిపితే ఇంత: చీనీ బత్తాయి చెట్లు నలభై మూడు. గట్టు మీది వేపచెట్లు నాలుగు. ఆరు గుంజల గడ్డి కొట్టం ఒకటి. వంక దాటే బండిబాట ముప్పై గజాలు. ఆ తర్వాతి ఏడాది, పక్క చేను మనిషి ఒకడు. మొదటి నాలుగూ ఆ వారమే నోటుబుక్కులో రాసుకున్నాను. ఐదోదాన్ని ఏ కొలతతో రాయాలో తెలియడానికి చాలా కాలం పట్టింది.

మాది సింహాద్రిపురం దగ్గర పల్లె. నేను చదివింది ఏడో తరగతి. తర్వాతి లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. మొద్దు చుట్టూ తాడు చుట్టి, ఆ తాడును నాలుగు మడతలు పెట్టి, మడత పొడవును దానితోనే హెచ్చవేసి, మళ్లీ మొద్దు పొడవుతో హెచ్చవేస్తే అందులో కొయ్య ఎంతో వస్తుంది. పడిన నాలుగు వేపల్నీ అలా కొలిస్తే, కొట్టం పోయిన చోట ఒక కొయ్యగదికి సరిపోతుందని తేలింది. పులివెందుల కోతమిషనుకు తోలాలంటే వంకలో బాట లేదు, ట్రాక్టరు దిగదు.

పక్క చేను మనిషి దగ్గర వాళ్ల నాయన వాడిన పెద్ద రంపం ఉంది. ఇద్దరు లాగేది. గుంత తవ్వి, దాని మీదికి మొద్దు దొర్లించి, ఒకరు మొద్దుపైన, ఒకరు గుంతలో నిలబడి కోయాలి. ఆ గాలికి అతనివీ రెండు వేపలు పడ్డాయి. ముందు నా గది, తర్వాత అతని గది, దినానికి దినం బదులు అనుకున్నాం. కూలి మాట లేదు. నాకంటే ఏడాది చిన్నవాడు, నన్ను మామా అనేవాడు.

ప్రొద్దుటూరు నుంచి ఆకురాయి తెచ్చి రంపం పళ్లకు పదును పెట్టాం. ఎర్రమట్టి నీళ్లలో ముంచిన దారాన్ని మొద్దు మీద లాగి కొట్టి గీత వేసేది నేను. గీత వేసినవాడే పైన నిలబడి దాన్ని చూసుకోవాలి. అందుకని నేను పైన, అతను గుంతలో, తలకు తువ్వాలు చుట్టుకుని.

మూడో దినమే మొదలుపెట్టాడు.

“నువ్వు పైన గాలికి నిలబడి గీత చూస్తాండావు మామా. నేను ఈడ నోరు తెరిస్తే పొట్టు. వేపపొట్టు శానా చేదు, ఎప్పుడన్నా తిన్నావా?”

“నోరు మూసుకోని లాగప్పా.”

“లాగుతా. గానీ లెక్క యాడ సరిపాయ? కింద దినమంటే దినమున్నర. రాసుకో.”

“దినమంటే దినమే. పైనోనికొక పొద్దు, కిందోనికొక పొద్దు పుడతాదా ఏంది?”

“నీకన్నా పొద్దు కనపడతాది. నాకు నీ కాళ్లు తప్ప ఏమీ కనపడవు!”

నవ్వుకున్నాం. కానీ నేను ఒప్పుకోలేదు. ఒకసారి సడలిస్తే అది లెక్కే కాదని నా పట్టు. ప్రతి సాయంత్రం గుంతలోంచి పైకి వస్తూ, “దినమూ ముప్పావన్నా రాయి” అని అడిగేవాడు. తగ్గించాల్సింది పోయి పెంచేవాడు. నేను బొగ్గుతో ఒకే గీత గీసేవాణ్ణి.

ఇరవై రెండు దినాల్లో నలభై నాలుగు కోతలు కోశాం. కోతకు పావు అంగుళం పొట్టుగా పోతుంది. మొత్తం పదకొండు అంగుళాల మందం వేపకొయ్య. దాన్ని తరుగు కింద రాసుకున్నాను. అదంతా ఎవరి తల మీద రాలిందో రాసుకోలేదు.

స్తంభాలు నిలబెట్టి, వాటి తలలు సన్నంగా చెక్కి, దూలాల బెజ్జాల్లో దిగ్గొట్టి, అడ్డంగా చెక్కమేకులు బిగించాం. నావి ఇరవై రెండూ తేలికైన పై రంపం దినాలేనని అప్పుడు నా చేతులకు తెలియలేదు. కొత్త గదిలో మొదటిసారి సంగటి తింటూ, “నా గదికి రెండు కిటికీలు పెడతా మామా, నీ మాదిరి పిసినారి పని చేయను” అన్నాడు.

అతని మొద్దు ఎత్తిన రోజు, న్యాయంగా ఉండాలని నేనే గుంతలోకి దిగాను. పదిన్నరకల్లా కళ్లు మండిపోయాయి. రంపాన్ని పైకి తోయడం కంటే తల ఎత్తకుండా తోయడం కష్టం. నా వల్ల పని నడవక ఆ దినం ఒకటిన్నర కోతే పడింది.

“ఏం మామా, ఎన్ని దినాలు?” అని పైనుంచి అరిచాడు.

“ఒకటి,” అన్నాను, పొట్టు ఉమ్మి.

అతను నవ్విన నవ్వుకు రంపం ఇరుక్కుంది. అది దినమున్నర అని నాకు అప్పుడే తెలుసు. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మరుసటి రోజు అతని బోరులో నీళ్లకు బదులు గాలి వచ్చింది. కొత్తగా రెండు బోర్లు వేశాడు, దుమ్ము లేచింది. చీనీ తోట ఎండింది. చేను అమ్ముకుని చిలమకూరు వైపు సిమెంటు పనికి పోయాడు. పోయేముందు రెండు మొద్దుల్నీ నా గట్టు మీదికి దొర్లించాం.

“గది నిలబెట్టేదానికి సెంటు నేల లేదు. నువ్వే వాడుకో మామా.”

“నీవి నీకే ఉంటాయప్పా,” అన్నాను.

చెదలు పట్టకుండా వాటిని రాళ్ల మీద ఎక్కించాను. మొదటి మొద్దులో సగం దిగిన కోత అలాగే ఉంది. రంపం నా గదిలో వేలాడుతోంది. పై పిడి నా చేతికి నల్లబడింది. కింది పిడి అంతకంటే నల్లగా ఉంది. కొందరు కోసిపెడతామని వచ్చారు. వద్దన్నాను.

పోయిన నెల ఫోన్ చేశాను. వెనక మిషన్ల మోత.

“అప్పా, నీ లెక్కే కరెక్టు. కింద దినమంటే దినమున్నరే.”

ఆ మోతను మించి అరిచాడు.

“ఇన్నేండ్లకా మామా! ఇప్పుడు యాడ కోస్తావు, యాడ కడతావు?”

“గుంత పూడ్చలేదప్పా. ఈసారి నేను కింద.”

“షిఫ్టు టైమాయ, చూద్దాంలే,” అని పెట్టేశాడు.

నోటుబుక్కు తీసి, దినానికి దినం లెక్కన మిగిలిన ఇరవై ఒకటిని కొట్టేశాను. అతని ఇరవై రెండూ కింది దినాలే, ఒకటిన్నర చొప్పున ముప్పై మూడు. నేను కింద నిలబడింది ఒక్క దినం, ఒకటిన్నర తీసేయాలి. ఇవాళ్టికి నేను అతనికి బాకీ పడ్డది ముప్పై ఒకటిన్నర దినాలు.