మచ్చ పెట్టిన గడువు

మా కుక్కల క్లబ్బులో మనుషులకి లేని పట్టింపు కుక్కలకి ఉంది. సభ్యుడిగా చేరాలంటే మీ తాత ఎవరని ఎవరూ అడగరు. మీ కుక్కకి మాత్రం మూడు తరాల పేర్లు కాగితం మీద చూపించాలి. నా ముత్తాత పేరడిగితే నేను తడబడతాను, అయినా నన్ను చేర్చుకున్నారు. ఎందుకంటే నాకు కుక్క లేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారుగా విజిలూదినవాణ్ణి, సొంతంగా ఒక స్టాప్‌వాచీ ఉంది, పోటీల రోజున ఊరికే వచ్చి సమయం చూసిపెడతాను. అదీ నా అర్హత.

ఈ కథ మాత్రం నాది కాదు, టేపాయనది. మైదానం చూసుకునే మనిషి. నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు క్లబ్బులో ఎవరికీ తెలియదు, కనుక్కుందామని ఎవరికీ తోచనూ లేదు. పోటీకి ముందు రోజంతా ఆయన వంచిన నడుం ఎత్తడు. కుక్కలు మెలికలు తిరుగుతూ దాటే పన్నెండు కర్రల్నీ సమానమైన ఎడంలో పాతుతాడు. గెంతే అడ్డకర్రల ఎత్తు ఒకటికి మూడుసార్లు కొలుస్తాడు. ఊగే పలక కీలుకి నూనె పెడతాడు. గుడ్డ సొరంగం గాలికి లేవకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెడతాడు. సొరంగం గుడ్డ చిరిగితే ఆయన భార్యే కుడుతుంది. మైదానం చివర సామాన్ల కొట్టు, దాని వెనక ఒక గది, ఆ గదిలో మంచం, కుట్టుమిషను, వాళ్ళిద్దరూ.

మచ్చ పుట్టింది ఆ కొట్లోనే. తొమ్మిదేళ్ళ కిందట ఒక వీధికుక్క చుట్టి పెట్టిన సొరంగం గుడ్డలో దూరి ఈనింది. నాలుగు పిల్లల్లో బతికింది ఒక్కటి. ఎడమ కన్ను చుట్టూ నల్లగా ఉంటుందని మచ్చ అన్నారు. చెవి ఒకటి నిలబడుతుంది, ఇంకొకటి వాలిపోతుంది. తోక ఏ జాతిదో, మూతి ఏ జాతిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. కళ్ళు తెరిచిన దగ్గర్నించీ ఆ కర్రల మధ్యే ఆడుకుంది. మిగతా కుక్కలు సొరంగం ముందు నిలబడి లోపల దెయ్యం ఉన్నట్టు చూస్తాయి. దీనికి అది పుట్టిల్లు.

ఇప్పుడు క్లబ్బు నియమం ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. పోటీ మొదలయ్యే ముందు, పోటీలో లేని కుక్క ఒకటి మైదానమంతా పరిగెత్తి చూపాలి. దానికి పట్టిన సమయానికి అయిదు సెకన్లు కలిపితే అదే ఆ ఏటి గడువు. గడువు దాటిన కుక్కకి కప్పు లేదు. క్లబ్బు హాల్లో గోడకి పెద్ద చెక్క బోర్డు ఉంది, మూడు వరసలు: సంవత్సరం, గడువు, విజేత. ముందు పరిగెత్తే పనికి తమ కుక్కని పంపడం సభ్యులకి నామోషీ. అందుకని ఆరేళ్ళుగా ఆ పని మచ్చది. మైదానం మీద పరిగెత్తొచ్చు, పోటీ పుస్తకంలో పేరు మాత్రం ఉండకూడదు. ఇంతకన్నా సిగ్గులేని ఏర్పాటు నేను చూడలేదు. చూస్తూ ఆరేళ్ళు నోరు మూసుకున్నాను కాబట్టి నాకూ అందులో వాటా ఉంది.

ఇంకో సంగతి నాకూ ఆ మొగుడూపెళ్ళాలకీ మాత్రమే తెలుసు. పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు మచ్చ సరదాకి మైదానమంతా పరిగెత్తడం చూసి వాచీ నొక్కాను. ముప్ఫై నాలుగు సెకన్లు! పోటీ రోజున అదే కుక్క యాభై అయిదు సెకన్లు తీసుకునేది. ఆయన అరచెయ్యి నేలకేసి చూపించి 'నిదానం, నిదానం' అంటూ పక్కన నడిచేవాడు. "గడువు మనవాళ్ళకి అందేట్టు చూడవయ్యా" అని కార్యదర్శి గారు మొదటి ఏడే చెవిలో వేశాడు మరి.

కార్యదర్శి గారికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషికి కళ్ళముందు ఉన్నది కనబడదు. కుక్క పళ్ళు, తోక వంపు చూసి జాతి చెప్పేస్తానంటాడు. తన కుక్క పేరు కాగితం మీద ఒక లైనున్నర ఉంటుంది. పిలిచినా రాదు పాపం, సగంలో మర్చిపోతుందేమో.

మొన్న పోటీలకి నెల ముందు టేపాయన మీటింగుకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యా, మచ్చకి వెనక కాళ్ళ కీళ్ళు అరుగుతున్నాయంట. ఈ ఏడాది తర్వాత గెంతించొద్దన్నాడు డాక్టరు. ఈ ఒక్కసారి దాని పేరు పోటీ పుస్తకంలో రాయించండి. గెలిపించమనట్లేదు, రాయమంటున్నాను."

"కాగితం ఏదీ?" అన్నాడు కార్యదర్శి గారు.

"పరిగెత్తేది కాళ్ళతో కదండీ."

అందరూ ఆయన్ని వింతగా చూశారు. టేపు మాట్లాడినట్టుంది వాళ్ళకి. తర్వాత గంటసేపు ఒకటే ఉపన్యాసాలు. దీన్ని రానిస్తే రేపు వీధి వీధంతా వస్తుందన్నారొకరు. ముందుతరాల కష్టం మట్టిపాలవుతుందన్నారు ఇంకొకరు. ముందుతరాల కుక్కలు ఏం కష్టపడ్డాయో నాకు తెలియలేదు. "ఓడిపోతే చిన్నబుచ్చుకుంటావయ్యా, నీ మంచికే చెబుతున్నాం" అన్నాడు కార్యదర్శి గారు, జాలి ఒలకబోస్తూ. అప్పుడైనా ఆ ముప్ఫై నాలుగు సంగతి నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. టీ తాగాను.

సాయంత్రం టేపాయన గదికి వెళ్ళాను. ఆయన భార్య, నాకు చెల్లెమ్మ వరస, సొరంగం గుడ్డకి అతుకు వేస్తోంది. మచ్చ ఆ గుడ్డ మీదే పడుకుంది.

"వద్దన్నారంట కదా అన్నయ్యా?" అంది మిషను ఆపకుండా.

"వద్దన్నారమ్మా."

ఆవిడ దారం కొరికి, మొగుడి వైపు తిరిగింది. "పేరు రాయకపోతే మానె. ఆరేళ్ళు దాని కాళ్ళకి నీ చెయ్యి అడ్డం పెట్టావు. ఈ ఆఖరిసారైనా దాని పరుగు దాన్ని పరిగెత్తనివ్వు."

"ఉద్యోగం పోతే?"

"పోతే కర్రలు ఎవరు పాతుతారు? ఆ కళ్ళజోళ్ళాయన పాతుతాడా?"

పోటీ రోజు వచ్చింది. వేరే ఊరి నుంచి తీర్పరిగా ఒక పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టేపాయన మచ్చని గీత దగ్గర నిలబెట్టాడు. ఈసారి అరచెయ్యి చూపించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, "పో తల్లీ" అన్నాడు, అంతే. అది అడ్డకర్రలు తాకకుండా దాటింది. పన్నెండు కర్రల్లో ఒక్కటీ వదల్లేదు. సొరంగంలో దూరి అవతల తేలింది. పలక మీద క్షణం ఆగి, దిగి, గీత దాటేసింది. వాచీ నొక్కాను. ముప్ఫై నాలుగు. అయిదు కలిపి ముప్ఫై తొమ్మిది అని కాగితం మీద రాసి తీర్పరికి చూపించాను. ఆయన సంతకం పెట్టాడు.

కార్యదర్శి గారు నా దగ్గరికి గబగబా వచ్చాడు. "మాస్టారూ, వాచీ సరిగ్గా చూశారా? ఎప్పుడూ అరవై వచ్చేది కదా?"

"సరిగ్గానే చూశానండీ. మళ్ళీ పరిగెత్తించమంటారా?"

అక్కడ ఆగి ఉంటే బతికిపోయేవాడు. కానీ కుర్చీల్లో సభ్యులంతా చూస్తున్నారు, వీధికుక్క పెట్టిన గడువు మాకు కష్టమని చెప్పడానికి నోరెలా వస్తుంది? మైకు అందుకున్నాడు. "ఒక వీధికుక్క పరిగెత్తగలిగిన దానికి పైన అయిదు సెకన్లు ఎక్కువే ఇస్తున్నాం! మన జాతి కుక్కలకి ఇదొక లెక్కా?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నా కారణం వేరు.

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. మొదటిది సొరంగం ముందు కూర్చుని యజమానురాలి వైపు చూసింది. రెండోది నలభై ఏడు. మూడోది కర్రలు వదిలేసి తీర్పరి బూటు వాసన చూసింది. నాలుగోది కాస్త నయం, నలభై మూడు. కార్యదర్శి గారి కుక్క ఊగే పలక ఎక్కి, అది కదలగానే అక్కడే పొట్ట ఆనించి పడుకుంది. ఆయన ఆ లైనున్నర పేరునీ మూడుసార్లు పిలిచాడు. అది దిగలేదు. చివరికి టేపాయనే వెళ్ళి ఎత్తుకుని దించాడు. పద్నాలుగు కుక్కలూ అయ్యాయి. గడువు లోపల వచ్చింది ఒక్కటీ లేదు.

మళ్ళీ మీటింగు. తీర్పరి పెద్దాయన రెండే దారులు చెప్పాడు. "ముందు పరిగెత్తిన కుక్క కూడా పోటీలో ఉన్నట్టు రాసుకుంటే, దాని సమయం గడువు కాదు. మిగతావి బతుకుతాయి. కానీ కప్పు దానిదవుతుంది. రాసుకోకపోతే కప్పు ఎవరికీ లేదు." వాళ్ళు గంట ఆలోచించారు. నలభై మూడు సెకన్ల కుక్క యజమాని రెండో స్థానమైనా ఇవ్వమని బతిమాలాడు. మచ్చ కింద రెండో స్థానమా అని మిగతావాళ్ళు అతన్నే కసిరారు. తమ కుక్కల్లో ఒక్కదానికీ ఏమీ రాకపోయినా పరవాలేదు, మచ్చ పేరు మాత్రం పుస్తకంలో పడకూడదు. ఎవరికీ లేదని తీర్మానించి కప్పు బీరువాలో పెట్టేశారు. ఈసారి నేను నోరు తెరిచాను, మచ్చ పేరు రాయమన్నాను. నాకు ఓటు లేదన్నారు. నాకు కుక్క లేదు కదా.

టేపాయన ఉద్యోగం పోలేదు, చెల్లెమ్మ చెప్పినట్టే. బోర్డు మీద రాసేదీ ఆయనే. టేపు పెట్టి కొలిచి, పై అక్షరాల ఎత్తులోనే రాశాడు. గడువు కింద ముప్ఫై తొమ్మిది. విజేత కింద ఒక గీత. రాస్తున్నంతసేపూ మచ్చ నిచ్చెన కింద పడుకుంది. కుంచె కడుక్కుంటూ ఆయన ఏడ్చాడు. నేను ఓదార్చలేదు, పక్కన నిలబడ్డాను.

ఇప్పుడు నియమం మారింది, గడువు కార్యదర్శి గారే అంచనా వేస్తాడు. పోయిన వారం కొత్తగా చేరడానికి వచ్చిన ఒకావిడ, చేతిలో బొచ్చు కుక్కపిల్లతో, ఆ బోర్డు ముందు ఆగింది.

"ఈ ఏడు ఎవరూ గెలవలేదేంటండీ? ముప్ఫై తొమ్మిది సెకన్లు అంత కష్టమా?"

కార్యదర్శి గారు ఏదో చెప్పబోయాడు. నేను ముందే అందుకున్నాను.

"ముప్ఫై తొమ్మిది కాదమ్మా, ముప్ఫై నాలుగు. అదిగో, గుమ్మంలో పడుకుందే, దానిది. మిగతా అయిదూ మా జాతి కుక్కలకి దయతలచి ఇచ్చినవి. అవీ చాల్లేదు."