మొగిలమ్మ అరికాలు

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమెలు తీసే ఆడవాళ్ళు ఇంటికెళ్ళగానే చేసే మొదటి పని, మండే కాళ్ళ మీద చన్నీళ్ళు పోసుకోవడం. మొగిలమ్మకు మాత్రం ఈమధ్య ఆ బాధే లేదు. "మిర్చిలనే ముసలిదాన్నయిన, నాకేం మంట?" అని గొప్పలు పోయేది. కాళ్ళు రాటుదేలాయనుకుంది, పిచ్చిది. షుగర్ ఉందని తెలుసు, గోలీలూ ఉన్నాయి. కళ్ళు తిరిగిన రోజు వేసుకునేది, మిగతా రోజులు వాటికి సెలవు.

ఒకనాడు పక్కన కూర్చున్న కళావతి, "అక్కా, నీ కాలికింద గోనెసంచికి నెత్తురంటింది, చూడు" అంది. కళావతే ఆమె కాలు తిప్పి చూస్తే బొటనవేలి పక్క వేలి కింద పుండు, దాన్నిండా కారం. ఇంకొకరైతే కేకలు పెట్టి మార్కెట్ లేపేవాళ్ళు. మొగిలమ్మకు చీమ కుట్టినట్టు కూడా లేదు. అప్పుడు భయమేసింది.

దవాఖానలో నర్సు పద్మలత పుండు కడుగుతూ నిష్ఠూరంగానే చెప్పింది. "షుగర్ ఎక్కువై కాళ్ళకు స్పర్శ పోయిందమ్మా. గోలీలు రోజూ వేసుకోవాలె, ఒట్టి కాళ్ళతోని తిరగొద్దు. అరికాళ్ళు రోజూ చూసుకోవాలె. ఇట్లనే వదిలేస్తే ఆ వేలు తీసేయాల్సొస్తది."

గోలీలు సరే, చెప్పులు సరే. చాయ్‌లో చక్కెర కూడా మానేసింది, ఇంట్లో అందరి మీదా చిర్రుబుర్రులాడుతూనే. అరికాళ్ళు చూసుకోవడమే కుదరలేదు. మోకాళ్ళు వంగవు, చూపు ఆనదు. మొగుడు కట్టయ్య "ఇటియ్యి, నేను చూస్త" అని మంచం ముందు కింద కూర్చున్నాడు. ఆమె గబుక్కున పాదాలు చీర కిందికి లాక్కుంది.

"నువ్వు నా కాళ్ళు ముట్టుకుంటే నాకు పాపం. జర దూరం జరుగు."

"పుండు మళ్ళ ముదిరితే?"

"ముదిరితే ముదురుతది."

ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషికి కోపమొచ్చింది. "పెండ్లినాడు ఈ కాలు పట్టుకొని, ఆ వేలికే మెట్టె తొడిగిన కదనే! అప్పుడు లేని పాపం ఇప్పుడెక్కడిది? ఆ వేలు పోతే నేనెట్ల చూడాలె?"

మొగిలమ్మ మొహం గోడవైపు తిప్పుకుని, మెల్లగా కాలు చాపింది. కట్టయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ లైటు వేసి, ఒక్కో వేలూ విడదీసి చూశాడు. పుండు మానుముఖం పట్టింది. ఆ సంతోషంలో అరికాలు నిమిరాడు.

"అయిపోయిందా చూసుడు? ఇగ ముట్టుకో," అంది ఆమె గోడవైపే చూస్తూ.

కట్టయ్య చెయ్యి ఆగింది. "ముట్టుకునే ఉన్న కదనే," అన్నాడు.