కాలికి లేజరు, తువ్వాలుకి సీటు

తెనాలి బజారులో నా అంత మర్యాదస్తుడు లేడని రెండేళ్లపాటు పేరుండేది. ప్రతి కొట్టు దగ్గరా ఆగేవాణ్ణి. ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగేవాణ్ణి. జవాబు వినేవాణ్ణి కూడా. అసలు సంగతేమిటంటే, నాలుగు కొట్లు దాటేసరికి ఎడమ పిక్క పట్టేసి అడుగు పడేది కాదు. నిలబడితే తగ్గేది. తగ్గేదాకా ఎవరో ఒకరి క్షేమం కనుక్కోక తప్పేది కాదు.

అంతకుముందు మా నడక వేరు. నేను ముందు, చేతిసంచితో నా భార్య ఎక్కడో వెనక. ఆవిడకి మోకాళ్ల నొప్పులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి క్షేమం నేనెప్పుడూ కనుక్కోలేదు. నా పిక్క పట్టేశాకే ఇద్దరం పక్కపక్కన నడిచాం. చూసినవాళ్లు అన్యోన్యత అనుకున్నారు.

డాక్టరు దగ్గరికి వెళదామని ఆవిడంటే, వాతానికి డాక్టరేంటన్నాను. బాపట్లలో ఉన్న మా బావమరిదిని అడిగాను.

"మిట్టమధ్యాహ్నం సూర్యలంక ఇసకలో కాలు పూడ్చుకుని కూర్చో బావా, వాతం దెబ్బకి పారిపోద్ది" అన్నాడు.

కూర్చున్నాను. చేపల తట్టతో పోతున్న ఒకావిడ ఆగి చూసింది. "ఏంటి బాబాయ్, కాలు నాటావా? మొలిచేదాకా ఉంటావా ఏంటి?"

అజ్ఞానానికి జాలిపడి నవ్వాను. ఆవిడ ఆ ఇసకలో చెప్పులేసుకుని నడుస్తోందన్నది నా కంటపడలేదు. షుగరుతో మొద్దుబారిన పాదానికి కాలుతున్న సంగతే తెలియలేదు. నొప్పి లేదు కాబట్టి వాతం పోయిందనుకున్నాను. సాయంత్రానికి బొబ్బలెక్కాయి. అన్నీ మానాయి గాని, చిటికెనవేలి దగ్గర పుండు మానక నల్లబడింది.

గుంటూరులో డాక్టరు పరీక్షలన్నీ చూశాడు. "కాలికి వెళ్లే రక్తనాళం పూడుకుపోయిందండి. రక్తం అందక పుండు మానట్లేదు. ఇలాగే వదిలేస్తే పాదం తీసేయాల్సి రావచ్చు. సిగరెట్లు తాగుతారా?"

"లేదండి" అన్నాను.

"ఆయన తాగరండి. మా బాత్రూము తాగుద్ది" అంది నా భార్య.

గజ్జ దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టాన్ని రక్తనాళంలోకి పంపుతారట. దాని కొసనుంచి వచ్చే లేజరు కాంతి పూడికను పొడి చేసుకుంటూ పోతుందట. ఆ తర్వాత చిన్న బెలూనుతో నాళాన్ని వెడల్పు చేస్తారట.

"కాలుతుందా అండి?" అని అడిగాను.

"సూర్యలంక ఇసకంత కాలదులెండి."

ఇసక సంగతి ఆయనకి ఎవరు చెప్పారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఈ పాదం దక్కితే ఇకనుంచి నీ పక్కనే నడుస్తాను" అన్నాను.

"ముందు ఆ సిగరెట్లు మానండి" అంది.

లోపల మెలకువగానే ఉన్నాను. తెర మీద నా కాల్లో రక్తం పారే దారి నల్లటి గీతలా కనిపించింది. మోకాలి పైన తెగిపోయి ఉన్న ఆ గీత, కొంతసేపటికి పాదం దాకా సాగింది. చిటికెనవేలు పోయింది. పాదం దక్కింది. సిగరెట్లు మానాను. పక్కనే నడుస్తానన్న మాటకి తొందరేముందిలే అనుకున్నాను.

నడక తిరిగొచ్చింది. దాంతోపాటు నేనూ తిరిగొచ్చాను. "ఏంటి బాబాయ్, మామీద కోపమా, ఆగట్లేదు" అని కొట్లవాళ్లు నిష్ఠూరమాడేవారు. వినేంత సేపు నేను అక్కడ ఉండేవాణ్ణి కాదు.

మొన్న రేపల్లెలో మా మరదలి గృహప్రవేశానికి బయల్దేరాం. తెనాలి స్టేషన్లో వంతెన మెట్లు చకచకా ఎక్కి దిగి, రైల్లో కిటికీ పక్కన తువ్వాలు పరిచి ఆవిడకి సీటు కూడా ఆపాను. ఎదుటాయనకి లేజరు మహిమ చెబుతున్నాను. రైలు కదిలింది.

"మీతో ఎవరూ రాలేదాండి?" అన్నాడాయన.

దూకినంత పని చేసి దిగాను. ఆవిడ ఇంకా వంతెన మెట్ల మీదే ఉంది. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో సంచి పట్టుకుని, ఒక్కో మెట్టూ రెండు పాదాలూ ఆన్చి దిగుతోంది. నేను ఆగిన ప్రతి కొట్టు దగ్గరా ఆ మోకాళ్లు కూడా ఆగి ఊపిరి తీసుకున్నాయని అప్పుడు తట్టింది. ఎదురెళ్లి సంచి అందుకున్నాను.

వెళ్లిపోతున్న రైలుని చూసి, నా భుజం కేసి చూసింది.

"తువ్వాలు ఏదండీ?"

"సీటు మీదుంది."

"పోనీలెండి. గృహప్రవేశానికి మన తరఫున అదన్నా వెళ్లింది."