నూనె అందని టర్బో

ఎండలో వచ్చిన డీజిల్ బండి బానెట్ ఎత్తగానే కాలిన ఆయిలు వాసన గుప్పున కొడుతుంది. మంచిర్యాలలో సొంత షెడ్డు పెట్టుకుని ఇన్నేళ్లయినా, ఆ వాసనకు నాకు గోదావరిఖనిలో పని నేర్పిన ఓదెలు కాక గుర్తొస్తాడు. బొగ్గు గనుల డంపర్లు బాగుచేస్తూ, వాటి మోతకు కుడిచెవి పోగొట్టుకున్న మనిషి. ఆ లోటు తీర్చుకోవడానికేనేమో, ఇంజిన్‌ను వేళ్లతో వినేవాడు.

డిప్లొమా పూర్తిచేసి, బండి లోపాలు చూపే స్కానర్ పట్టుకుని ఆయన షెడ్డులో చేరాను. మొదటి వారంలోనే ఒక జీపు వచ్చింది. ఎత్తు ఎక్కలేకపోతోంది, నల్లపొగ. టర్బో నుంచి ఇంజిన్‌కు అందాల్సిన గాలి తక్కువగా ఉందని స్కానర్ చూపింది. "టర్బో పోయింది కాకా, మార్చాలె" అన్నాను. ఆయన ఆ గాలి వెళ్లే రబ్బరు గొట్టం అడుగున, కంటికి కనిపించని చోట వేళ్లు పోనిచ్చి తడిమాడు. గొట్టంలోకి కొంచెం గాలి పట్టించి, పైన సబ్బునీళ్లు చల్లాడు. ఒక్కచోట బుడగలు పొంగాయి. వెంట్రుకంత చీలిక! "గాలి తక్కువుందని నీ మిషన్ సక్కగనే చెప్పింది బిడ్డా. ఏడికి పోతుందో మనం దేవులాడాలె గద" అన్నాడు.

అంత చూసి కూడా నేను తప్పు చేశాను. గోలేటి నుంచి డయాలసిస్ రోగులను వారానికి మూడుసార్లు కరీంనగర్ తీసుకెళ్లే వ్యాన్ ఒకటి ఉండేది. దాని టర్బో నిజంగానే పాడైంది. కాక ఊరెళ్లిన రోజున నేనొక్కదాన్నే కొత్తది బిగించి పంపాను. రెండు వారాలకే కొత్త టర్బో కూడా కూతపెడుతూ, నీలిపొగ కక్కుతూ తిరిగొచ్చింది. వేడి ఇంజిన్‌ను వెంటనే ఆపేస్తే టర్బో చెడిపోతుందని చదువుకున్నాను. డ్రైవర్ సమ్మయ్య అలాగే చేసుంటాడని వ్యాన్ యజమానికి ఫోన్‌లో చెప్పేశాను. ఆయన సమ్మయ్యను పనిలోంచి తీసేస్తానన్నాడు.

సమ్మయ్య షెడ్డు ముందర నిలబడి, "రోగులు దిగేదాక ఇంజిన్ నడుస్తనే ఉంటది కాకా. నేను ఎంటనే ఆపుతలేను" అని ఒకటే మాట చెబుతున్నాడు.

కాక నా వైపు తిరిగాడు. "ఇంజిన్ ఆపిండని మిషన్ చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?"

ఆయన టర్బో విప్పి ఇరుసును రెండు వేళ్లతో కదిపాడు. ఊగిపోతోంది, వేడికి నీలంగా మారింది. "దీనికి నూనె అందలే" అన్నాడు. టర్బోకు ఆయిలు తెచ్చే సన్నని గొట్టం కొసను సీసాలో పెట్టి, కాసేపు స్టార్టర్ తిప్పమన్నాడు. ధారగా చిమ్మాల్సిన ఆయిలు బొట్లు బొట్లుగా రాలింది. గొట్టం కోసి చూపించాడు. లోపలంతా గడ్డకట్టిన మసి. అది పాత గొట్టం. కొత్త టర్బోకు దాన్నే బిగించింది నేను.

ఆ యజమాని బండ్ల మీదే మా షెడ్డు నడిచేది. అయినా కాక అక్కడే, సమ్మయ్య ఎదుటే, ఫోన్ ఎడమచెవికి ఆనించుకున్నాడు. "తప్పు మా షెడ్డుది సేటూ. డ్రైవర్‌ది ఏం లేదు. బండి బాగుచేసే పూచీ నాది. ఆయన్ని మాత్రం తీసెయ్యకు." అవతలి నుంచి అరుపులు నాకూ వినిపించాయి. ఆయన ముఖంలో మార్పు లేదు. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకది కొండంత మనిషిని దగ్గరగా చూసినట్టనిపించింది. ఇక ఆగలేక, "సమ్మయ్యన్నా, బిగించింది నేనే. తప్పు నీ మీద పెట్టింది కూడా నేనే. మాఫ్ చెయ్యి" అన్నాను. సమ్మయ్య వ్యాన్ వైపు చూస్తూ, "రేపు పొద్దుగాల ట్రిప్పుంది అక్కా, జల్ది చెయ్యి" అన్నాడు.

గొట్టం, ఆయిలు, టర్బో అన్నీ మార్చాం. పొద్దున్నే వ్యాన్ రోగులతో బయలుదేరింది. సమ్మయ్యే నడిపాడు.

ఇప్పుడు టర్బో చెడిన బండి వస్తే, అది దేనివల్ల చెడిందో తేలేదాకా కొత్తదాని పెట్టె విప్పను. అది అలవాటైపోయింది. నా తప్పని తేలినరోజు మాత్రం, డ్రైవర్ ఎదుట ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా చెబుతాను.