కొలతలిచ్చినవాడికే ఓటు

తాతయ్య కుట్టేది చొక్కాలే అయినా ప్రాణమంతా రగ్బీ మీదే. ఆడింది మాత్రం ఒక్కరోజు. ఆ రోజు వంకరపోయిన ముక్కు ఇప్పటికీ పక్కవీధికేసి చూస్తుంటుంది.

నలభై ఏళ్ల కిందట ఐదు జట్లవాళ్లను తన కుట్టుదుకాణంలో కూర్చోబెట్టి ప్రాంతీయ సంఘం పెట్టించాడు. అప్పటినుంచీ కార్యదర్శి ఆయనే. ప్రతిసారీ ఏకగ్రీవం. ఆ గొడ్డుచాకిరీకి పోటీపడే వెర్రివాడెవడు?

ఇప్పుడు పై సంఘం ఉత్తరం రాసింది. మొదటి సమావేశానికి ఎవరెవరు వచ్చారో రుజువు చూపకపోతే, ఈ సంఘాన్ని పక్క ప్రాంతం సంఘంలో కలిపేస్తారట.

"కలిపేసుకోనివ్వండి. ఈ వయసులో మీకెందుకీ తలనొప్పి?" అంది నానమ్మ.

"కలిస్తే మన పిల్లలకి నీళ్లసీసాలు మోసే పనే మిగుల్తుందే. నేను ఒప్పుకోను."

చెప్పిన రోజుకు పై సంఘం అధికారి వచ్చాడు. తాతయ్య ఆయన ముందు కొలతల పుస్తకం పెట్టాడు. ఆ రోజుల్లో దారినపోయేవాడు కూడా ఓటేస్తానని దూరేవాడు. అందుకే జెర్సీకి కొలతలిచ్చినవాడికే ఓటని కట్టుబాటు పెట్టుకున్నారు. మొదటి సమావేశానికి వచ్చిన పదకొండుమంది పేర్లు, భుజాలు, చేతులు, నడుములు వరసగా రాసి, కింద ఒక్క ముక్క: 'సంఘం పెట్టాం. అందరూ సరేనన్నారు.'

"సంతకాలేవండీ?" అన్నాడు అధికారి.

"సంతకం ఎవడైనా గీస్తాడు బాబూ. చెయ్యి పొడవు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇదిగో టేపు, మీరే కొలవండి."

ఆ పదకొండుమందిలో తాతయ్య కాక మిగిలినవాళ్లు ఇద్దరే. వాళ్లను పొద్దుటే పిలిచి బల్లమీద కూర్చోబెట్టాడు. రొట్టెల బట్టీ ఆయన భుజాలు సరిపోయాయి. నడుము దగ్గర అధికారి ఆగిపోయాడు.

"ఇక్కడ ముప్ఫై అని ఉంది. ఇది నలభై ఆరు!"

"సంఘంతోపాటే పెరిగిందిలెండి," అన్నాడు బట్టీ ఆయన.

రెండోవాడు పాత పోస్ట్‌మాన్. ఆయన పేరు పక్కన 'కుడిచెయ్యి అంగుళం తక్కువ' అని ఉంది. అధికారి రెండు చేతులూ కొలిచాడు. మళ్లీ కొలిచాడు. సరిగ్గా అంగుళం.

"ఇన్నాళ్లూ మా ఆవిడక్కూడా తెలీదండీ," అని పోస్ట్‌మాన్ గొణిగాడు.

అధికారి కళ్లజోడు సర్దుకుని, 'పరిశీలించాను, సరైనదే' అని రాయడానికి పుస్తకం తనవైపు లాక్కున్నాడు. తాతయ్య దానిమీద చెయ్యి అడ్డం పెట్టాడు. గెలిచే సమయంలో ఈ ముసలాయన కొంప ముంచుతున్నాడని నానమ్మ తల పట్టుకుంది.

"ఆగండి బాబూ. ఇందులో మీ మాట ఎక్కాలంటే మీరూ కొలతలివ్వాలి. కట్టుబాటు కట్టుబాటే."

అధికారి ఫైలు పక్కన పెట్టి, నవ్వాపుకుంటూ రెండు చేతులూ చాపాడు.