నా పేరు మీద వెళ్లిన పెళ్లి కార్డు

ఫోన్లో మాట్లాడాలంటే నాకు భయం. ఎవరికైనా చేయక తప్పకపోతే, ఏం అనాలో ముందు డైరీలో రాసుకుంటాను. ఆ ఆదివారం మధ్యాహ్నం, కాలేజీలో నాతో చదివిన అమ్మాయి నంబరు నుంచి పెళ్లి కార్డు వచ్చింది. "పంపింది నువ్వేనా?" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు. కార్డు చూడాలంటే ఏదో యాప్ వేసుకోమంది, వేసుకున్నాను. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది, ఇచ్చాను. కార్డు మాత్రం కనిపించలేదు. ఫోన్ పక్కన పడేసి, సగంలో ఉన్న నవల అందుకున్నాను.

గంట తర్వాత అల్వాల్ నుంచి పిన్ని ఫోన్.

"ఏందే, పెండ్లి కుదిరిందా? మాకు చెప్పకుండ కార్డులు సుత కొట్టిచ్చిన్రా?"

"ఏ కార్డు పిన్నీ?"

"నువ్వు పంపిందే! నోట్లకెల్లి మాట రాదు గాని, గుట్టుగ పిలగాన్ని చూసుకున్నవ్. జెర పేరన్న చెప్పరాదు?"

మాట్లాడుతూనే మెసేజ్‌లు చూశాను. నా పేరు మీద అదే కార్డు అందరికీ వెళ్లిపోయింది.

"తెరవకు పిన్నీ!"

"తెరిచిన. ఓకే అంటే ఓకే కొట్టిన. ఏం కనబడ్తలేదు."

పిన్ని బ్లౌజులు కుడుతుంది. ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలని రెండేళ్లుగా దాచిన డబ్బంతా ఆమె ఫోన్ నంబరుకు ముడిపడిన ఖాతాలోనే ఉంది. మెసేజ్‌లు చదవగలిగినవాళ్లకు బ్యాంకు పంపే ఓటీపీ కూడా దొరికిపోతుంది.

"ఫోన్ బంద్ చెయ్ పిన్నీ! పక్కింటోళ్ల ఫోన్‌తోని బ్యాంకుకు చెప్పు, ఖాతా ఆపమను!"

నా గొంతు అంత పెద్దగా వినడం అలవాటు లేక అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నా ఫోన్ కూడా ఆపేసి, అమ్మ బటన్ల ఫోన్ తీసుకున్నాను. నంబర్లన్నీ డైరీ చివరి పేజీల్లో రాసిపెట్టుకున్నవే. మొదట నా బ్యాంకుకు, తర్వాత కార్డు వెళ్లిన ఒక్కొక్కరికీ చేశాను. ఏం అనాలో రాసుకునే వ్యవధి లేదు. కొందరు శుభాకాంక్షలు చెప్పబోతుంటే మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఎక్కువమంది ఒకే మాట అన్నారు: "నువ్వెప్పుడూ ఏం పంపవు కదా, అందుకే వెంటనే తెరిచిన." నేను నోరు విప్పకపోవడమే వాళ్లకు నమ్మకమైంది.

సాయంత్రం పిన్ని పక్కింటి ఫోన్‌తో అమ్మ నంబరుకు చేసింది. బ్యాంకు ఆపేలోపే సగానికి పైగా పోయింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. తిరిగి వస్తుందో రాదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోతున్నారు.

పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు పంపినవని తెరిచిన గాని, ఇంకెవరన్న అయితే ముట్టుదునా?" అంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఏ మెసేజ్ వచ్చినా పంపినవాళ్లకు ఫోన్ చేసి అడుగుతున్నాను. ఏం అనాలో ఇప్పటికీ ముందు డైరీలో రాసుకునే చేస్తున్నాను. నిన్న పిన్నికి కూడా చేశాను.

"నిజంగ పెండ్లి కుదిరిన నాడు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలువు. ఫోన్ల పంపితే మాత్రం రాను, చెప్తున్న" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆమె మాటల వెనక పాత కుట్టు మిషన్ చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.