డెల్మర్ కనిపెట్టిన రూలు

చట్టం చదివి వినిపించకుండా డెల్మర్ గ్రబ్ మేజోళ్ల జత కూడా అమ్మడు. కొలరాడోలో ఆయన తుపాకుల దుకాణంలో పదకొండేళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదాన్ని, నాకు తెలియదూ? జింకల వేట మొదటిరోజు తుపాకీ కోసం వచ్చినవాడు, ఆయన చదువు ముగిసేసరికి జింకలు ముసలివైపోయాయని గొడవపెట్టాడు.

ప్రతి ఆదివారం తనింట్లో భోంచేసే సొంత చెల్లెలి మొగుణ్నీ వదల్లేదు, ఫారంలోని ప్రశ్నలన్నీ అడిగాడు.

"నువ్వు పరారీలో ఉన్న నేరస్థుడివా?"

"మీ చెల్లెల్ని చేసుకున్నాక పరారయ్యే దారెక్కడుంది బావా!"

"అవునా, కాదా? ఒక్క మాట!"

ఓ మార్చిలో మా ఊరి వెండెల్ క్రౌట్ వచ్చాడు. గోడకున్న పాత సెమీ ఆటోమేటిక్ రైఫిలు చూపించి, "అది కావాలి. తోడేళ్లు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి" అన్నాడు.

వెండెల్‌కి గొర్రెపిల్లలెక్కడివి? నాకు భయమేసింది. భార్య ఐరిస్ పోయాక, కిందటి శరదృతువులోనే గొర్రెల మంద మొత్తం అమ్మేశాడు. ఆ సంగతి డెల్మర్‌కీ తెలుసు. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు నింపించాడు. ఫోన్లో నేరచరిత్ర తనిఖీ కూడా అయిపోయింది.

"ఇక మూడు రోజులు ఆగాలి, అంతేగా?" అన్నాడు వెండెల్.

"కొత్తదానికి మూడు రోజులు. వాడిన రైఫిలైతే మూడు వారాలు. రోజూ పొద్దున పదింటికొచ్చి పది ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటికే."

వెండెల్ వెళ్లగానే డెల్మర్‌ని పట్టుకున్నాను. "ఏ సెక్షన్లో ఉందయ్యా అది?"

"నా సెక్షన్లో. నువ్వు కాఫీ పెట్టు."

మర్నాడు పదింటికల్లా వెండెల్ హాజరు. మొదటి ప్రశ్న: రాత్రి ఏం తిన్నావు? "బిస్కెట్లు." రెండోది: నిద్రపట్టిందా? ఆరోది: ఐరిస్ చెర్రీపళ్ల తీపిరొట్టెలో ఏం కలిపేది? అన్నీ డెల్మర్ జడ్జీలా రాసుకునేవాడు. మొదట్లో ఒక్కో మాటే చెప్పిన మనిషి, రెండో వారానికి ఆరో ప్రశ్న దగ్గరే మధ్యాహ్నం చేసేవాడు. ఓరోజు ఐరిస్ పిండిలో ఉప్పు బదులు సోడా వేసిన కథ చెబుతూ నవ్వి, తన నవ్వుకి తనే ఉలిక్కిపడ్డాడు.

మూడు వారాలూ అయ్యాయి. డెల్మర్ మొహం పాలిపోయింది. "ఇవాళ్టితో గడువు..." అని నసిగాడు.

"రైఫిలొద్దు" అన్నాడు వెండెల్. "రెండోరోజే లైబ్రరీలో చట్టం చదివాను. నీ రూలు అందులో లేదు."

డెల్మర్ పెన్ను కిందపడింది. "మరి రోజూ ఎందుకొచ్చావు?"

"నువ్వు తిన్నావా పడుకున్నావా అని అడిగేవాళ్లు ఇంకెవరున్నారు నాకు?" వెండెల్ మూలనున్న గాలం కర్ర అందుకున్నాడు. "ఇదివ్వు."

డెల్మర్ అలవాటుగా చట్టం పుస్తకం తెరిచాడు, కానీ అక్షరాలు కనబడలేదనుకుంటా, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గాలానికి ఒకే ఒక్క రూలుంది" అన్నాడు చివరికి. "ఒంటరిగా వెళ్లకూడదు. శనివారం ఎన్నింటికి రమ్మంటావు?"